ఎండుచేపల గంపలో తీర్మానాల పుస్తకం

చేపలమ్మే తాతమ్మ "సేపలో" అని కేకేస్తే భావనపాడు పిల్లులు లేవడం సరే, అక్కడెక్కడో కళింగపట్నంలో వలలు బాగుచేసుకునేవాళ్లు కూడా ఎవరో పిలిచారని తలెత్తుతారు. నమ్మనివాళ్లు పోయి అడిగి చూసుకోవచ్చు. అంతటి గొంతు ఒకసారి పది రోజులు మూగబోయింది.

బోట్లు సముద్రంలోకి వెళ్లేది వేకువన మూడింటికి. గాలి హెచ్చరిక ఫోన్లకు వచ్చేది తెల్లారాక ఏడింటికి. ఆ గొంతు మూగబోయిన రోజు, మెసేజ్ మోగేసరికి ఆమె మొగుడు కూర్మయ్య తిరగబడ్డ బోటును బల్లిలా కరుచుకుని ఉన్నాడు. ఎలాగో ఒడ్డున పడ్డాడు. తాతమ్మ మాత్రం ఆ మెసేజ్ చెరపలేదు.

పదకొండో రోజు మోహనకృష్ణ అనే ఆఫీసరు గ్రామ సచివాలయానికి వచ్చాడు. అదే మెసేజ్ సేవను మరో ఐదేళ్లు నడపడానికి ఊరి ఒప్పుదల కావాలట. టీ ఇచ్చి, సమోసా పెట్టి, తీర్మానాల పుస్తకం తిప్పారు. పుస్తకం తాతమ్మ దగ్గరకొచ్చింది. పేజీ పైసగం తెల్లగా ఉంది.

"పైన ఏటి రాస్తావు బాబూ?"

"అది తర్వాత రాసుకుంటామమ్మా. కింద సంతకం పెట్టండి."

"సేప సూపకుండా బేరమాడమంతన్నావేటి?" అంటూ పుస్తకాన్ని ఎండుచేపల గంపలో పడేసి, మూత పెట్టి, దాని మీద కూర్చుంది. తాతమ్మ కూర్చున్న గంపను లేపాలంటే నౌపడ నుంచి రైలింజను రావాలి.

"ఒసే, ఆఫీసరుగారే! ఇచ్చీయే," అన్నాడు కూర్మయ్య.

"నువ్వూరుకో మావా. సంద్రం నిన్ను మర్యాద సూసి వదిలిందేటి? మెసేజీ ముందే రావాలని రాయమను."

"మెసేజ్ సేవ డిజైన్ పైనుంచి వచ్చిందమ్మా. మార్చే అధికారం నాకు లేదు," అన్నాడు మోహనకృష్ణ.

"మార్సనేనోడివి మమ్మల్నడగడానికెందుకొచ్చినావు?"

సచివాలయం ఘొల్లుమంది. చివరికి ఆమె గంప దిగి పుస్తకమిస్తే, చెప్పింది చెప్పినట్టు రాశాడు: హెచ్చరిక ముందురోజు సాయంత్రమే, వలలు సర్దుకునే వేళకు రావాలి, ఈ సేవను చూసే జిల్లా కమిటీలో ఈ ఒడ్డు మనిషి ఒకరుండాలి. గట్టిగా చదివించుకున్నాకే అందరూ సంతకాలు పెట్టారు. ఆ పుస్తకం జిల్లా ఆఫీసులో ఏ బల్ల మీదికి వెళ్లినా ఎండుచేపల వాసనే దారి చూపిందట.

కమిటీ కుర్చీ తాతమ్మకే వచ్చింది. మూడు మీటింగులకూ గంపతోనే వెళ్లింది. నాలుగో నెలలో ఓ సాయంత్రం, కూర్మయ్య వల సర్దుతుండగా ఫోన్ మోగింది: రేపు ఈదురుగాలి, కెరటాలు మూడు మీటర్లు. అతను మర్నాటి వేట మానుకుని, వల మడిచి మూలన పెట్టేశాడు.

తాతమ్మ పాత మెసేజ్ చెరిపి, కొత్తదాన్ని రెండుసార్లు చదివింది.

"మూడు మీటర్లంటే ఎంత మావా? మనిసెత్తా, ఇంటెత్తా? ఇదీ మార్పించాల," అంటూ తర్వాతి మీటింగుకు గంప దులిపింది.