కన్యకమ్మ గోదాము ఖాళీ చేయించిన సంగతి

నేరేడుచర్లలో బియ్యం, పప్పుల దుకాణం నడిపే భిక్షపతి ఇంటికి కోదాడ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, సింధుకు అత్తగారంటే లోలోపల బెరుకే. కన్యకమ్మ మాట తక్కువ మనిషి. పొద్దున్నే స్నానం చేసి పూజ ముగిసేదాకా ఎవరినీ తాకదు. దుకాణం వెనక గోదాములో ఉండే నల్లకుక్క కర్రిగాణ్ని అసలే తాకదు. సత్తుగిన్నెలో అన్నం కలిపి గడప అవతల పెట్టి, వెనక్కి జరిగి, వాడు తినేదాకా నిలబడేది. వాళ్లిద్దరి మధ్య ఉన్న చుట్టరికం అంతే.

కర్రిగాడున్నాడు కాబట్టే గోదాములో పందికొక్కుల బెడద లేదు. అలాంటివాడికి ఆ వానాకాలం దురద పట్టుకుంది. మొదట తోక మొదట్లో కొరుక్కునేవాడు. తర్వాత నడుం, తొడలు. వెంట్రుకలు ఊడి, చర్మం ఎర్రబడి చెమ్మ కారసాగింది. అన్నం పెట్టినా రెండు మెతుకులు తిని మళ్లీ వెనక్కి తిరిగి కొరుక్కోవడమే. దుకాణానికి వచ్చినవాళ్లు, "గజ్జికుక్కను పెట్టుకొని బియ్యం అమ్ముతున్నరేంది?" అని మొహం మీదే అనడం మొదలుపెట్టారు.

భిక్షపతికి ఆ మాట గుచ్చుకుంది. "ఏదన్న ఆటోల ఎక్కిచ్చి దూరంగ ఇడిసిపెట్టి రమ్మందాం," అన్నాడు.

హమాలీ బుచ్చయ్యకు కర్రిగాడంటే ప్రాణం. లారీలవాళ్లను అడిగి కాలిన ఇంజనాయిలు డబ్బాలో పట్టుకొచ్చాడు. "మా దిక్కు కుక్కలకు ఇదే పూస్తరమ్మా. గజ్జి ఖతమైతది."

కన్యకమ్మ డబ్బా మూత తీసి వాసన చూసింది. "పుండు మీద పోస్తె మండదా? పైంగ నాక్కుంటది, కడుపులకు పోతది. పక్కకు పెట్టు బుచ్చయ్యా. దాన్ని దవాఖానకు తీస్కపోత."

కుక్క గాలి సోకితేనే పక్కకు తప్పుకునే మనిషి ఆ మాట అంటుందని ఎవరనుకుంటారు?

మర్నాడు జానయ్య ఆటో మాట్లాడుకుని మిర్యాలగూడ బయల్దేరారు. కర్రిగాడు బుచ్చయ్య కాళ్ల దగ్గర, అత్తాకోడళ్లు వెనక సీట్లో. కొంత దూరం పోయాక సింధు ఉండబట్టలేక అడిగింది. "మీరు దాన్ని ముట్టుకోరు కదా అత్తమ్మా, మరి ఇంత దూరం ఎందుకు తీసుకెళ్తున్నారు?"

కన్యకమ్మ రోడ్డు పక్క పొలాలు చూస్తూనే చెప్పింది.

"నేను ఈ ఇంటికొచ్చిన కొత్తల ఇంటి పక్క మిల్లు దుమ్ము పడక ఒళ్లంత దద్దుర్లు లేసినయ్. అంటురోగమన్నరు. వంటింట్లకు రానియ్యలె. నా చాప, నా చెంబు పక్కకు పెట్టిన్రు. గోక్కునేటోళ్లను సూస్తె పక్కోళ్లకు అసయ్యం. గోక్కునేటోళ్లకు ఎట్లుంటదో ఎవరు అడుగుతరు?"

ఈ సంగతి సింధుకు భర్త కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మిర్యాలగూడలో పశువుల డాక్టరు గీత కర్రిగాడి నడుం మీద సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడిపిన దూది మీద వేసింది. పొడి చుట్టూ దూది ఎర్రబడింది.

"చూసిన్రా అమ్మా, ఇది మట్టి కాదు. దుంకే సన్న పురుగులుంటయ్ గద, అవి కుక్క నెత్తురు తాగి వదిలిన మలం. గజ్జి కాదిది. దీని ఒంటికి ఆ పురుగు కాటు పడదు. ఒక్కటి కుట్టినా రోజుల తరబడి దురద పెడుతది."

పుండ్లకు మాత్రలిచ్చింది. వెంట్రుకలు విడదీసి మెడ వెనక చర్మం మీద మందు చుక్కలు వేసి, నెలనెలా ఇలాగే వెయ్యాలని చూపించింది. పడుకునే చోటు శుభ్రం చెయ్యమని కూడా చెప్పింది. ఇంటికొచ్చి కర్రిగాడు పడుకునే సంచి ఒక్కటే ఉతికి ఆరేశారు.

పుండ్లు ఆరాయి. హమ్మయ్య అనుకుంటుండగానే మళ్లీ కొరుక్కోవడం మొదలైంది. "నేను జెప్పలె?" అన్నాడు భిక్షపతి. కన్యకమ్మ సింధుతో డాక్టరుకు ఫోన్ చేయించింది.

"మందు పని చేస్తనే ఉన్నదమ్మా," అంది గీత. "ఒంటి మీద కనపడేటివి కొన్నే. గుడ్లు, పిల్లలు అది పండుకునే జాగల ఉంటయ్. గూడు కట్టుకొని వారాలకు వారాలు దాక్కుంటయ్. కొత్తయి పుట్టుకొచ్చి కుడుతున్నయ్. ఎక్కడ పండుకుంటది?"

"గోదాంల, గోనెసంచుల మీద," అంది కన్యకమ్మ.

"ఎన్ని సంచులున్నయ్?"

కన్యకమ్మ గోదాము కప్పుదాకా పేర్చిన కట్టల వైపు చూసింది.

"బియ్యం, పప్పు ఉన్నకాడ పురుగుమందు కొట్టొద్దు," అంది డాక్టరు. "వేడినీళ్లు, ఎండ, చీపురు. ఓపిక కావాలె."

వానలు తగ్గి ఎండ కాసిన రోజు కన్యకమ్మ గోదాము తలుపులు బార్లా తీయించింది. "కుక్క కోసం గోదాం ఖాళీ చేస్తరా ఎవరన్న? బజారోళ్లు నవ్వుతరు," అన్నాడు భిక్షపతి. "నవ్వనియ్యుండ్రి," అని ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని ఖాళీ సంచుల కట్ట ఎత్తుకుంది. మోకాళ్ల నొప్పులతో మిద్దె మెట్లు ఒక్కొక్కటీ ఎక్కుతుంటే సింధు పరుగున వెళ్లి ఇంకో కట్ట అందుకుంది. బుచ్చయ్య నిండు బస్తాలు బయటికి మోశాడు. సూర్యాపేట నుంచి సరుకుతో వచ్చిన కొడుకు రవితేజ, మెట్ల మీద తల్లినీ భార్యనూ చూసి చొక్కా విప్పి పనిలోకి దిగాడు.

గళ్లాపెట్టె దగ్గర కూర్చుని వేడుక చూస్తున్న భిక్షపతి అంతలో కాలు గోక్కుంటూ లేచాడు. కదిలించిన సంచుల్లోంచి పురుగులు ఆయన చీలమండల మీదికి దూకాయి. "ఏందే, నన్ను గూడ కుడుతున్నయ్!"

"మీకు నాలుగు కుడితెనే గిట్లున్నది," అంది కన్యకమ్మ మెల్లగా.

ఆయన షట్టరు సగానికి దించి చీపురు తీసుకున్నాడు. గంగాళాల్లో నీళ్లు కాగాయి. సంచులన్నీ మిద్దె మీద ఎండాయి. మూలల్లో ఊడ్చిన దుమ్మును బయట తగలబెట్టారు. నేల పగుళ్లలో రవితేజ సిమెంటు పూశాడు. కర్రిగాడికి చెక్కపీట, దాని మీద పాత దుప్పటి. ఆ దుప్పటి వారంవారం వేడినీళ్లలో నానాల్సిందేనని కన్యకమ్మ తేల్చి చెప్పింది.

మళ్లీ మెడ మీద మందు వెయ్యాల్సిన రోజు బుచ్చయ్య చిలుకూరులో చుట్టాలింటికి పోయాడు. సింధుకు కుక్క కరుస్తుందేమోనని భయం. కన్యకమ్మ అప్పుడే స్నానం చేసి పూజకు కూర్చోబోతోంది. "పూజ మళ్ల చేసుకోవచ్చు," అని గోదాముకు వచ్చి పీట పక్కన చతికిలబడింది. మెడ వెనక వెంట్రుకలు విడదీసి నిదానంగా చుక్కలు వేసింది. కర్రిగాడు కదల్లేదు. ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆమె వెంటనే లేవలేదు. వాడు తలెత్తేదాకా అలాగే కూర్చుని, తర్వాత వెళ్లి మళ్లీ స్నానం చేసింది.

చలికాలానికి కర్రిగాడి నడుం మీద నల్లటి వెంట్రుకలు ఒత్తుగా వచ్చాయి. అది చూసి ఆటో జానయ్య, తన కుక్కకూ దురదగా ఉందని, అదే మందు కాస్త ఇమ్మని అడిగాడు.

"అన్ని దురదలు ఒక్కటి గావు జానయ్యా. దీని మందు దానికి పనికొస్తదో లేదో నాకేం తెలుసు? ఆటో తియ్యి, నేను గూడ వస్త."

ఆ కుక్కకు నిజంగానే గజ్జి ఉందని డాక్టరు తేల్చింది. దాని మందు వేరు.

ఆ సాయంత్రం సింధు వాళ్లమ్మ కోదాడ నుంచి ఫోన్ చేసి, అత్తగారు ఎలా ఉన్నారని అడిగింది. "మిర్యాలగూడ వెళ్లొచ్చారమ్మా, కుక్కను చూపించడానికి," అంది సింధు. "మాది కాదు, ఆటో జానయ్యవాళ్లది." ఆ మాట తన నోట ఎంత గర్వంగా పలికిందో ఆమెకే వినబడింది.