ఎర్ర గీత తాకిన ముల్లు

నాకు కారూ జీపూ పడవు. బండి కదిలితే చాలు, కడుపులో తిప్పుతుంది. చిన్నప్పుడు బనగానపల్లె బస్సులో మా తమ్ముడు నా పక్కన కూర్చుని, నిమ్మకాయను గోటితో గిల్లి నా ముక్కు దగ్గర పెట్టేవాడు. ఇప్పటికీ ప్రయాణమంటే నా గుప్పిట్లో నిమ్మకాయ ఉండాల్సిందే. బండిలో నేను కునుకు తీసింది ఇంతవరకూ లేదు. ఈ సంగతి అందరికంటే వాడికే బాగా తెలుసు.

ఆ తమ్ముడికి ఇప్పుడు నంద్యాలలో సొంత మెకానిక్ షెడ్డు ఉంది. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు మూలబడిన పాత జీపుకు వాడే ఇంజన్ కట్టిచ్చాడు. ఎక్కడిదో పెద్ద ఇంజన్ తెచ్చి, విప్పి, బోరు చేయించి, పిస్టన్లు మార్చి, మా జీపులో పట్టేలా అమర్చడానికి వేసవంతా పట్టింది. మా ఆయన, బామ్మర్ది అని కూడా చూడకుండా, గ్యారంటీ రాసిమ్మన్నాడు. వాడు నవ్వి రాసిచ్చాడు. బండి అప్పగించేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, కొత్తగా కట్టిన ఇంజన్ వేడెక్కకూడదని, వేడి చూపించే మీటరులో ముల్లు ఎర్ర గీత తాకితే వెంటనే ఆపేయాలని చెప్పాడు.

"బావ యినడు. నువ్వెట్లా మేలుకునే ఉంటావు గదక్కా, నువ్వే చూస్తాండు" అన్నాడు.

నెల తిరక్కముందే మా ఆయన వైపు వాళ్ల పెళ్లి వచ్చింది, నంద్యాల చర్చిలో. మా వెనకాలే మా బావగారి కొత్త కారు. అందులో మా తోటికోడలు. బయల్దేరేటప్పుడే ఆమె మా జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఇది నంద్యాల దాకా పోతుందా, మా కార్లో చోటుంది రమ్మంది. నాకు ఒళ్లు మండిపోయింది.

శిరివెళ్ల దాటాక ముల్లు లేచి ఎర్ర గీత తాకింది. మా ఆయన కూడా చూశాడు. వేగం తగ్గించి పక్కకు లాగబోయాడు. బానెట్ ఎత్తుకుని రోడ్డు మీద నిలబడితే, ఆమె కారు దిగి ఏమంటుందో నాకు అప్పుడే వినబడిపోయింది.

"ఆపొద్దు, పోనీ. వాళ్లు చూస్తాండారు" అన్నాను.

నా మాట ఎప్పుడూ వినని మనిషి ఆ ఒక్కటి విన్నాడు. ఇంకాస్త దూరం పోయాక ఇంజన్ గట్టిగా అరిచి, పట్టేసి, ఇక తిరగనంది. ట్రాక్టరుకు తాడు కట్టి షెడ్డు దాకా ఈడ్పించుకుపోయాం. మా బావగారి కారు మెల్లగా వెనకాలే వచ్చింది.

షెడ్డులో మా ఆయన గొంతు పెంచాడు. తుక్కు ఇంజన్ అంటగట్టావని, నీ గ్యారంటీ ఎందుకు పనికొస్తుందని అన్నాడు. తన ఇంజన్ కట్టించుకుందామని వచ్చిన లారీ ఓనరు ఒకాయన అక్కడే నిలబడి అంతా వింటున్నాడు. ఏడాది కిందట తెరిచిన షెడ్డు అది. మంచి పనివాడన్న పేరు ఒక్కటే వాడి ఆస్తి. తమ్ముడు ఆయిల్ చూసే కడ్డీ లాగి వాసన చూసి, ఇది వేడికి పట్టేసిందన్నాడు. ముల్లు కదలనేలేదని మా ఆయన బుకాయించాడు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పుక్కా. ముల్లు గీత తాకిందా, లేదా?"

నాకు నోరెక్కువని రెండు వైపుల చుట్టాలూ అంటారు. ఆ నోరు ఆ రోజు పెగల్లేదు. తాకిందంటే, మరి ఎందుకు ఆపలేదని అడుగుతారు. మా తోటికోడలు నా పక్కనే ఉంది. మా ఆయన నన్ను ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. తమ్ముడు నా మొహం చూశాడు, తర్వాత నా చేతిలోని నిమ్మకాయ చూశాడు.

"నిద్రపోయింటావులే అక్కా" అన్నాడు.

నేను తలూపాను. సిగ్గుతో చచ్చిపోయానని రాయాలి. చావలేదు. వాళ్లందరితో కలిసి పెళ్లి భోజనానికి పోయాను. లారీ ఓనరు మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడట. ఇంకా రాలేదు.

ఇంజన్ను గ్యారంటీ కిందే మళ్లీ కట్టాడు. మొన్న బండి తెచ్చుకోవడానికి ఇద్దరం పోయాం. తమ్ముడు నాకు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, పిల్లల చదువులడిగాడు. తర్వాత మా ఆయన్ని బండి దగ్గరికి తీసుకుపోయి మీటరు చూపించాడు.

"ముల్లు నువ్వే చూసుకోవాల బావా" అన్నాడు.

నన్ను పిలవలేదు.