మూడో చరణంలో తప్పిన తాళం

బెంజమిన్‌కు విసుగు పుట్టించేవి చాలా ఉన్నాయి గానీ, ఆదివారం ఆరాధన అయ్యాక జరిగే 'రివ్యూ'ను మించింది లేదు. మెదక్ రాందాస్ చౌరస్తా దగ్గర అతనికి మోటార్ వైండింగ్ షాపు. వారమంతా కాలిపోయిన మోటార్లలో లోపాలు వెతికే మనిషికి, ఆదివారమైనా తబలా ముందు హాయిగా కూర్చోవాలని ఉంటుంది. అనూప్ కూర్చోనిస్తేగా! కీబోర్డు వాయించే ఆ కుర్రాడు టీవీ పాటల పోటీలు చూసి ఈ అలవాటు పెట్టాడు. పాడేవాళ్లంతా చర్చి వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఫోన్‌లో వీడియో చూడాలి. తలా ఒక తప్పు చెప్పాలి. తప్పు దొరకనివాడికి సంగీతం రాదని లెక్క. అందుకే బెంజమిన్ కూడా తిట్టుకుంటూనే ప్రతివారం ఒకటి వెతికిపెట్టుకునేవాడు.

ఆ వారం అందరికీ ఒకే తప్పు దొరికింది. యేసమ్మ పాడిన కీర్తన మూడో చరణంలో తాళం తప్పింది.

"యేసమ్మక్కా, పాట మస్తు లాగుతున్నవ్, స్పీడు తగ్గుతున్నది. గుడ్ ఫ్రైడే కీర్తన ఈసారి మన గుంపుల చిన్నపిల్ల పెర్సిస్ పాడితె మంచిగుంటది," అన్నాడు అనూప్.

"వయసు మీద వడ్డంక దమ్ము ఆగదు గదక్కా," అని కోరస్ పాడే ఫేబ జాలి పడింది.

యేసమ్మ బడిలో వంట చేస్తుంది. గుడ్ ఫ్రైడే కీర్తన ఏళ్లుగా ఆమెదే. సంచి భుజాన వేసుకుని లేచింది. "మంచిది. పెర్సిస్‌నే పాడుమనుండ్రి. నేనిగ పాటకు రాను."

అనూప్ బెంజమిన్ వైపు తిరిగాడు. "తబలా నీదే గదా, బెంజమినన్నా. నువ్వే చెప్పు. లాగిందా, లేదా?"

బెంజమిన్‌కు ఒళ్లు మండింది. జరిగింది అతనికి తెలుసు. మూడో చరణంలో ఆమె గొంతు పైకి లేచినప్పుడు అతను వింటూ ఉండిపోయాడు. తబలా మీద ఒక దెబ్బ పోయింది. అతను అందుకునేదాకా ఆమే ఆగింది. ఆ మాట బయటపెడితే తబలా రాదంటారు, యేసమ్మ పాటకు మైమరిచాడని నెలంతా ఎగతాళి చేస్తారు. 'లాగింది' అంటే చాలు, గొడవ ఉండదు. యేసమ్మ కూడా ఉండదు.

"ఏం లాగింది, నీ తలకాయ!" అని అరిచాడు. "తప్పింది నేను. ఆమె పాడుతుంటె వినుకుంట కూసున్న, చెయ్యి ఆడలే. నా కోసమే ఆమె ఆగింది."

"గంత మంచిగుందా అన్నా?" అనూప్ నవ్వాడు.

"ఉంది. ప్రతివారం ఉంటది. నవ్వుకో పో."

ఒకరిని మెచ్చుకోవడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. అనూప్ వీడియోను వెనక్కి జరిపి, చూడకుండానే ఆపేశాడు. ఫేబ ఖాళీ చాయ్ కప్పులు ఏరసాగింది.

యేసమ్మ కదల్లేదు. కోపమంతా బెంజమిన్ మీదకు తిప్పింది. "ఇన్నేండ్లల్ల ఒక్కపారి అన్నవా గీ మాట? ఎప్పుడు జూసినా, అక్కా స్పీడు పెంచు, అక్కా శృతి జూసుకో అనుడే. నా గొంతు నిజంగనే పోయిందనుకున్న."

ఆమె సంచి తీసి కుర్చీకి తగిలించింది.

"శుక్రవారం నేనే పాడుత. నువ్వు వినుడు బందువెట్టి, కొట్టు."