కొరివి చీమల ఆరుగురు రాణులు

కంపెనీవారి పాలన చివరి రోజుల్లో, దీపావళి వచ్చే అరవ నెల ఐప్పసిలో వానలు మొదలైన వారంలో, నన్ను కోయంబత్తూరులో సర్జన్ దొర కింద రెండో తరగతి చిత్రకారుడిగా వేశారు. ఆస్పత్రి దొరగారి ఉద్యోగం, పురుగులు ఆయన వ్యసనం. చూపిన పురుగును భూతద్దంలో చూసి ఉన్నదున్నట్టు కాగితం మీద దించడం నా పని.

ఆ ఏడు ఆయన మనసు కొరివి చీమల మీద పడింది. గుడ్డు మొదలు పెద్ద చీమ దాకా ప్రతి దశా బొమ్మగా కావాలన్నారు. నాలుగు నెలల్లో, మాసిలో తాను సీమకు ఓడెక్కేలోగా ముగించాలన్నారు. పుట్ట తవ్వితే అన్ని దశలూ కలగాపులగంగా దొరుకుతాయి. ఏది ఎన్నాళ్లకు ఏదవుతుందో తెలియాలంటే రాణిని పట్టి మొదటి నుంచీ పెంచాలి.

వాన వెలిశాక రెక్కల చీమలు గాల్లోకి లేస్తాయి. జతకట్టిన ఆడది నేలకు దిగి రెక్కలు రాల్చుకుంటుంది. తుడియలూరు దగ్గర మా జొన్నచేను గట్టున అలాంటివి మూడు పట్టి మూతపెట్టి ఉంచాను. ఆత్రం కొద్దీ రోజూ మూత తీసి చూశాను. బెదిరిన రాణి తన గుడ్లు తానే తినేస్తుందని అప్పుడు తెలిసింది. మళ్లీ ఆరింటిని పట్టి, ఒకే మూకుట్లో తడి బంకమన్ను మీద వదిలి, లోపలిది కనిపించేలా అభ్రకం రేకు కప్పి, పైన నల్లగుడ్డ వేశాను. చీమలు బయటికి పోకుండా మూకుడును నీళ్ల పళ్లెంలో నిలబెట్టాను.

దొరగారి బంగళాలో ఉంచడానికి బట్లరు ఒప్పుకోలేదు. దాంతో మా ఇంటి ధాన్యపు గదిలో పెట్టాను. ఇంట్లో నేనూ, మా అక్క వెంకటమ్మా ఉండేవాళ్లం. అంతకు ముందు వేసవిలో ఒక్క కందిరీగ కుట్టినందుకే ఆమె గొంతు వాచి ఊపిరాడలేదు. అది నాకు తెలుసు.

"ఏంటికి తంబీ ఈ పీడ ఇంట్లో? వేండాం. నాకు బయమైతాండాది" అంది అక్క.

"నీళ్లు దాటి రావక్కా" అన్నాను. దొరగారి గడువంటే నాకు ఇంకా ఎక్కువ భయం.

నెల తిరిగేసరికి సన్నటి చీమలు పుట్టాయి. తల్లులకు తిండి అక్కర్లేదు గానీ వీటికి కావాలి. బెల్లం నీళ్లు, చచ్చిన కీచురాళ్లు పెట్టాను. అవి బలపడ్డాక ఒక్క రాణిని మిగిల్చి తక్కిన అయిదింటినీ చంపేశాయి. ఆ రోజు నుంచి గదిలోకి అడుగు పెట్టాలంటే నాకే ఒళ్లు జలదరించేది. పొద్దున్నే లేచి ముందు పళ్లెంలో నీళ్లు చూసుకునేవాణ్ణి.

సంక్రాంతి వెళ్లాక తై నెలలో ఒక మధ్యాహ్నం పక్క కళ్లంలో జొన్న తూర్పారపడుతున్నారు. కిటికీలోంచి ఎగిరొచ్చిన పొట్టు పళ్లెంలో నీళ్ల మీద తెట్టె కట్టింది. చీమలు దానిమీద నడిచి పక్కనున్న జొన్న గంపలోకి చేరాయి. కొరివి చీమలు పాకుతున్నప్పుడు తెలియనివ్వవు, ఎక్కాక అన్నీ ఒక్కసారిగా కుడతాయి. నేను వసారాలో బొమ్మ గీస్తున్నాను. లోపల అక్క చేతిలోంచి గంప పడిన చప్పుడైంది.

అక్క చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది. "తంబీ, గొంతు పట్టుకొంటాండాది" అంది. ఆపైన మాట రాలేదు. పెదవులు వాచిపోయాయి.

పక్కింటి రామసామి నాయుడు బండి కట్టాడు. ఆస్పత్రి దాకా అక్కను నా భుజానికి ఆనించి కూర్చోబెట్టుకున్నాను. ఊపిరి ఈలలా వచ్చేది. ఒక ఈలకూ మరో ఈలకూ నడుమ ఎడం పెరుగుతుంటే, ఇక రాదేమోనని ఆమె నోటి దగ్గర చెవి పెట్టి వినేవాణ్ణి. "మాటాడించు, మాటాడించు" అని నాయుడు ముందు నుంచి అరిచేవాడు. అక్కా, అక్కా అని పిలుస్తూనే ఉన్నాను. సగం దారిలో ఆమెకు పెద్ద వాంతి అయింది. ఆ తర్వాత ఈల కొంచెం మెత్తబడింది. సాయంత్రానికి గండం గడిచిందని దొర చెప్పారు.

ఇంటికొచ్చి కాగే నీళ్లు మూకుట్లో పోశాను. మర్నాడు ఆ మాట దొరతో చెప్పేటప్పుడు ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన బొమ్మలు ముగిశాయా అని అడిగారు. ఒక్కటి తప్ప అన్నీ అయ్యాయన్నాను. కాగితాల కోసం చెయ్యి చాపారు.

తప్పు చీమలదీ కాదు, దొరదీ కాదు. అక్క ఒంటి సంగతి తెలిసీ వాటిని ఇంట్లో పెట్టింది నేను. తర్వాతి ఉద్యోగ కాలమంతా, ప్రాణమున్న ఏ నమూనానూ మనుషులు మసిలే చోట ఉంచనని పై అధికారికి ముందే రాసిచ్చేవాణ్ణి. దానివల్ల మొదటి తరగతి నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.