మడిచి కుట్టిన అంచు

తాళాల పొట్టాయన చనిపోయిన స్నేహితుడి హాకీ చొక్కా కాజేశాడని వీధంతా ఆడిపోసుకుంటోంది గానీ, అది శుద్ధ అబద్ధం. కాజేసినవాడు దాన్ని వారం వారం గుమ్మంలోనే ఆరేస్తాడా? చేత్తో ఉతికి, వీపు మీది తొమ్మిదో నంబరు వెలిసిపోకుండా తిరగేసి నీడన వేస్తాడు. ఆరేదాకా పక్కనే స్టూలేసుకుని ఆకురాయితో తాళంచెవులు రాస్తుంటాడు. "ఏం బాబాయ్, మళ్లీ ఆటకు పిలిచారా?" అని ఇస్త్రీ అతను ఎకసెక్కమాడితే, "పిలిచేసరికి ఆరాలిగా!" అంటాడు.

మొన్న ఆ స్నేహితుడి కూతురు, పాత ఆటవస్తువులు పరీక్షించే ఆయనను వెంటబెట్టుకొచ్చింది. ఫైనల్లో వాళ్ల నాన్న గెలుపు గోలు కొట్టింది ఆ చొక్కాతోనేనట. నాన్న పేరు రాసి క్లబ్బులో అద్దాల పెట్టెలో పెడతారట. పొట్టాయన గుమ్మంలోంచి తీసిచ్చాడు. పరీక్షించే ఆయన చేతులు కింది అంచు దగ్గర ఆగాయి.

"దీన్ని నాలుగు వేళ్లు లోపలికి మడిచి కుట్టారు. గడ్డి మరకలన్నీ మడత పైనే ఉన్నాయి, లోపల ఒక్కటీ లేదు. అంటే దీంతో ఆడింది పొట్టివాడు. మీ నాన్నగారు ఆరడుగులన్నారే?"

అమ్మాయి పొట్టాయన వైపు తిరిగింది. ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

"నాన్న మోకాలు ముందురోజే వాచిందనీ, ఆయన బదులు ఎవరో దిగారనీ అమ్మ ఒకసారి నోరు జారింది. మామయ్యా, నా మీద ఒట్టు. ఆ గోలు కొట్టింది నాన్నా, నువ్వా?"

పొట్టాయన ఆ అంచును అరచేత్తో సాపు చేసి, చొక్కాను అమ్మాయి చేతుల్లో పెట్టాడు.

"తొమ్మిదో నంబరు కొట్టాడమ్మా. మైదానమంతా చూసింది."