అవ్వ వేయించిన ర్యాంకు

జిల్లాను ముక్కలు చేసి కొత్త ప్రకాశం అన్నారు గానీ, గిద్దలూరు నుంచి ఒంగోలుకు ఒక్క కిలోమీటరు కూడా తగ్గలేదు. టోర్నమెంటు అంటే తెల్లవారకముందే బస్సెక్కాలి. ఎక్కగలిగిన పిల్లకు పాయింట్లు, ఎక్కలేని పిల్లకు సున్నా. ఆడపిల్లలకు టెన్నిస్ నేర్పే వ్యాయామ టీచర్ని నేను. ఆ సున్నాను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మా కోర్టు మట్టినేల. వాన పడ్డప్పుడల్లా సున్నపు గీతలు కొట్టుకుపోతున్నాయని, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ బయట పారేసిన బద్దలు తెచ్చి గీతల వెంట పాతించాను. బంతి గీత మీద పడితే టక్కుమంటుంది. లోపలా బయటా అని మా దగ్గర తగువే ఉండదు. పెద్ద పెద్ద కోర్టులకు ఉందా ఈ వైభోగం?

ఆడేది ఆరుగురు. అందులో ఒకతె నా కూతురు. ఇంకొకతె కొమరోలు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. తల్లి కూలికి వెళ్ళేది. మిరపకాయల కోతలప్పుడు శని, ఆదివారాలు ఈ పిల్ల కూడా తల్లి వెంట చేలోకి దిగాల్సిందే. టోర్నమెంట్లేమో సరిగ్గా అప్పుడే పెట్టేవాళ్ళు. నా కూతుర్ని మాత్రం ఒక్కటీ వదలకుండా తిప్పాను. అందుకని జిల్లా ర్యాంకుల్లో నా కూతురు మూడోది, కొమరోలు పిల్ల పేరు జాబితాలోనే లేదు. మా కోర్టులో ఆడితే ఆ పిల్ల నా కూతుర్ని నాలుగింట మూడుసార్లు ఓడించేది.

ఒకరోజు ఫోనులో ప్రపంచ మహిళల టెన్నిస్ ర్యాంకుల గురించి ఎవరో రాసింది చదివాను. అధికారిక ర్యాంకు ఏడాదిలో ఏ టోర్నమెంటులో ఎంత దూరం వెళ్ళావో చూస్తుందట. అది చాలదని కొందరు వేరే లెక్క కట్టారట. అందులో నువ్వు ఎవర్ని ఓడించావన్నదే ముఖ్యం. నీకన్నా గట్టిదాన్ని కొడితే బోలెడు వస్తాయి, చిన్నదాన్ని కొడితే చిటికెడు. కాన్పయి చాలాకాలం ఆడకపోయినా నీ విలువ అట్టడుగుకు పడిపోదు. చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. నేను ఆడే రోజుల్లో, కాన్పయి తిరిగొచ్చేసరికి నా పేరు కూడా జట్టు జాబితాలోంచి తీసేశారు. బిడ్డను కంటే ఆట మరిచిపోతామా ఏమిటి?

ఆ లెక్క వెనక పెద్ద పెద్ద సూత్రాలున్నాయి, అవి నాకు రావు. రాకపోతేనేం, వామనగుంటలు వచ్చు కదా! పిల్లలకు తలా ఒకటని ఆరు డబ్బాలు తెచ్చి, ఒక్కోదాంట్లో యాభై చింతగింజలు పోశాను. ఇద్దరివీ సమానంగా ఉంటే ఓడినామె నాలుగు గింజలివ్వాలి. ఎక్కువున్నామె తక్కువున్నామెను ఓడిస్తే రెండే వస్తాయి. తక్కువున్నామె ఎక్కువున్నామెను ఓడించిందా, ఎనిమిది! ఊరికెళ్ళినందుకు, కూలికెళ్ళినందుకు ఎవరి గింజలూ తగ్గవు. ఎవరి డబ్బా వాళ్ళ దగ్గరే పెట్టుకోమన్నాను. బాధ్యత నేర్పుతున్నానని నా గొప్ప!

అంతలో రాష్ట్ర శిక్షణ శిబిరానికి మా పడమటి మండలాల నుంచి ఒక్క పేరు పంపమన్నారు. ఎంపిక మార్కాపురంలో. కాకిపిల్ల కాకికి ముద్దు, టీచరమ్మ కూతుర్నే పంపుతుందని తోటి టీచర్లు గుసగుసలాడారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కమిటీలో ఉన్న ముగ్గురు సార్లతో పోట్లాడి, పాయింట్లతో పాటు మా డబ్బాలు కూడా చూడాలని ఒప్పించాను.

తీరా ఆ రోజు ఐదు డబ్బాలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాక, కొమరోలు పిల్ల తన డబ్బా మూత తీసింది. లోపల ఒక్క గింజ లేదు.

"ఏందే ఇది? గింజలేవి?" అన్నాను.

"అవ్వ వేయించింది మేడం," అంది ఏడుపు గొంతుతో. "సెలవని ఇంటికి తీసకపోయినా. తినేదానికి తెచ్చినాననుకొని వేయించి, నానబెట్టి అందరికీ పెట్టింది. నేను కూడా తిన్నా మేడం, మనవే అని తెలీక!"

సార్లు ముగ్గురూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "అయినా ఈ పిల్లే ఫస్టు సార్," అన్నాను.

"చింత చచ్చినా పులుపు చావలేదే మేడం!" అన్నారు వాళ్ళలో పెద్దాయన. "గింజలు పోయినా మీ వాదన పోలేదు. రుజువు ఏది? మీ పాపకు మూడో ర్యాంకు ఉండనే ఉంది. ఆమె పేరే రాస్తాము. మీకొచ్చిన నష్టమేంది?"

కాగితం వైపు చూశాను. అందులో ఐదు అంకెలున్నాయి. ఆరో అంకె ఎలా తెలుస్తుందో నాకు అప్పుడే తట్టింది. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. కడుపుతీపి అంత చెడ్డది. కూతురి పేరు ఆ కాగితం మీద చూసుకోవాలన్న ఆశ అడ్డుపడింది.

పెద్దాయన కలం తీశారు. నా కూతురు లేచింది.

"సార్, ఈ ఐదూ కలపండి. రెండొందల ఎనిమిది. అందులో నావి అరవై రెండు. మేం మొదలుపెట్టినప్పుడు అందరివీ కలిసి మూడొందలు. గింజలు ఒకరి నుంచి ఇంకొకరికి పోతాయే గానీ కొత్తగా రావు. ఇక్కడ లేని తొంభై రెండు ఆమెవే."

పెద్దాయన మళ్ళీ కలిపి చూసుకున్నారు. "పాపా, అట్లయితే నీ పేరు పోతాది. తెలుసా?"

"తెలుసు సార్. వాటిల్లో నేను ఓడిపోయి ఇచ్చినవే ఎక్కువ. నాకు తెలీదా?"

ఇక ఎవరూ నవ్వలేదు. కొమరోలు పిల్ల పేరు రాశారు. నాకు గుండె ఉప్పొంగిపోయింది. నేను తయారు చేసిన పిల్లలు ఇద్దరూ అక్కడ నిలబడి ఉన్నారు, ఒకతె గెలిచి, ఒకతె గెలిపించి. తర్వాత వారం ఆ అవ్వ కొంగున మూట కట్టుకుని గిద్దలూరు వచ్చింది. "తొంభై రెండూ ఉండాయమ్మా, పచ్చివే. ఇంగ వేయించను," అని నా చేతిలో పెట్టింది.

ఎంపికైన రోజు సాయంత్రం బస్సులో కంభం దాటేదాకా నా కూతురి మొహంలోకి చూడలేకపోయాను. చివరికి నోరు విప్పాను. "ఆ లెక్క నాకూ తట్టిందే. తట్టి కూడా చెప్పలేదు."

"తెలుసు లేమ్మా."

"ఎట్ల తెలుసు?"

"నువ్వు లెక్కపెట్టేటప్పుడు పెదాలు కదులుతాయి. తొంభై రెండు అనుకొని ఆగినావు. చెప్తావని చూసినా. చెప్పలేదు. అందుకే నేను లేచినా."

నీ కూతురు ర్యాంకు ఎంత అని ఇప్పటికీ అడుగుతుంటారు. నేను ఈ సంగతే చెబుతాను, నా తప్పుతో సహా.