మేడ మీద దుమ్ములో అడుగులు

పిల్లలూ, పుణె నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఆ ఆల్బమ్ వింటున్నావా అమ్మమ్మా?" అని అడుగుతారు మీరు. "ఆ, ఎప్పుడైనా" అని మాట మార్చేస్తాను. కింది వాటాలో మీ తాతయ్య అక్క ఉంటుంది కదా, ఆవిడ వింటుండగా ఆ సంగతంతా చెప్పాలంటే సిగ్గు. అందుకే ఇప్పుడు నిదానంగా కూర్చుని రాస్తున్నాను.

తాతయ్య కర్మలయ్యాక మీరు వెళ్తూ వెళ్తూ, దిగులుగా ఉన్నప్పుడు వినమని నా ఫోన్లో ఆ పాటలు ఎక్కించి, చెవుల్లో పెట్టుకునే చిన్న గింజలు రెండూ చేతిలో పెట్టారు. ఏడాది వెళ్ళేదాకా మన ఇంట్లో పండగ లేదు, కొత్త చీర లేదు, పాట లేదు. టీవీలో కూడా వార్తలే. అది తెలిసి కూడా ఓ రోజు పెట్టుకున్నాను.

ఆ భాషేమిటో నాకు తెలీదు. తబలా లేదు, వయొలిన్ లేదు, అంతా మిషన్ల చప్పుడే. కానీ మూడో పాట మధ్యలో అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి చూడండి, ఆ పాడే అమ్మాయి ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తుంది, తర్వాత అంతా కలిసి మీద పడుతుంది. బీచ్‌లో అల వెనక్కి లాగి కొట్టినప్పుడు చీర ఎత్తి పట్టుకుని కేకేస్తామే, అలా. నాకు నవ్వొచ్చేసింది. మీ తాతయ్య పోయాక అదే మొదటి నవ్వు. వెంటనే ఆయన ఫోటో వైపు చూసి గింజలు తీసేశాను. మర్నాడు మళ్ళీ పెట్టుకున్నాను.

ఫోటో ముందు వినడానికి మనసొప్పక మేడ మీదకి వెళ్ళడం మొదలుపెట్టాను. హార్బరు బొగ్గు గుట్టల మీంచి వచ్చే గాలికి తెల్లారేసరికి మేడంతా నల్లటి దుమ్ము పరుచుకుంటుందని మీకు తెలుసుగా. తుడవకపోతే చేపలు కాదు కదా, చేతిగుడ్డ కూడా ఆరేయలేం. ఆ తుడిచే పని నాదే. బకెట్టు పక్కన పెట్టి, మూడో పాట దాకా ఆడి, అప్పుడు తడిగుడ్డ వేసేదాన్ని. ఆడటమంటే చేతులూపుతూ గుండ్రంగా తిరగడమే. ఈ మోకాళ్ళతో అంతకంటే ఏమవుతుంది?

ఓ రోజు పొయ్యి మీద పాలు గుర్తొచ్చి, తుడవకుండానే కిందికి పరిగెత్తాను. మళ్ళీ పైకి వచ్చేసరికి కింది వాటా వదిన నెత్తళ్ళ చేపలు ఎండబెట్టడానికి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నేల వంక చూస్తోంది.

"ఏటే పిల్లా, ఈ అడుగులేటి?"

"నావే వదినా. తుడుద్దామని వచ్చాను."

"తుడిసేవోల్లు తిన్నగా ఎల్తారు. ఇవి గుండ్రంగా తిరిగున్నాయి. తప్పెటగుళ్ళాడేవోల్లెవులైనా వచ్చారేటి మన మేడ మీదకి?"

నా మొహం కాలిపోయింది. చంకనేసుకుని పెంచిన తమ్ముడు పోయి ఏడాది కాలేదు ఆవిడకి. ఆ తమ్ముడు కట్టించిన మేడ మీద నేను గంతులేస్తున్నాను. నిజం చెబితే, నా తమ్ముడంటే దీనికి ఇంతేనా అనుకుంటుంది. ఆ ఒక్క మాట పడలేననిపించింది.

"డాక్టరు మోకాళ్ళకి ఎక్సర్‌సైజు చెప్పాడు వదినా."

"అలా సెప్పవేటి మరి! నా మోకాళ్ళూ సలిపేత్తన్నాయి. నాకూ నేర్పు."

పళ్ళెం పిట్టగోడ మీద పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని దుమ్ములోకి వచ్చేసింది. ఏం చేయను? ముందుకి రెండడుగులు, పక్కకి ఒకటి, చేతులు పైకి. పాట లేకుండా నేను తిరుగుతుంటే, డెబ్బై దాటిన మనిషి నా వెనకాలే శ్రద్ధగా తిరిగింది. కాసేపటికే ఆయాసమొచ్చి పిట్టగోడ పట్టుకుని నవ్వింది.

"వాడు సూత్తే పగలబడి నవ్వేవోడు," అంది. అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నా అబద్ధం నమ్మి ఆ మోకాళ్ళతో తిరిగింది పిల్లలూ. భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "వదినా" అన్నాను, చెప్పేద్దామని.

ఈలోగా ఆవిడ పళ్ళెం అందుకుంది. నా చేతిలో ఇంకా వెలుగుతున్న ఫోనునీ, దాని మీద ఆ ఆల్బమ్ గులాబీరంగు బొమ్మనీ చూసింది.

"పాట కూడా డాక్టరే ఇచ్చాడేటి?"

ఫోను కొంగు చాటున దాచాను.

"ఏడాది ఎల్లనీ, పెద్దగా పెడుదువు గానీ, నానూ ఇంటాను. అందాకా దిగేముందు తుడు. ఈదిలోవోల్లు నాలాగ ఊరుకోరు."

రెండు మెట్లు దిగి ఆగింది. "వాడున్నప్పుడు ఒక్కపాలైనా ఇలాగ ఆడేవేటే?"

జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయింది. లేదు, ఎప్పుడూ ఆడలేదు. మీ తాతయ్య వద్దనే మనిషి కూడా కాదు.

మర్నాడు ముందే తుడిచేశాను. తుడిచిన గచ్చు మీద ఎంత ఆడినా ఆనవాలుండదు. చెవుల్లో మూడో పాట ఆ ఆగే చోటికి వచ్చింది. గుడ్డ పిండుతూ పిట్టగోడ మీంచి వంగి చూశాను. వదిన తన గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. నేను కదల్లేదు. కాలి బొటనవేలు మాత్రం తాళం వేస్తూనే ఉంది.